చిలుకను ఇంటికి తెచ్చుకునే ముందు: పాఠకుల ప్రశ్నలు, పక్షుల డాక్టర్ జవాబులు

ఎండలు ముదిరే వేళకి నాకొచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం చిలుకల గురించే ఉంటాయి. తొర్రల్లోంచి తీసిన పిల్లలు అమ్మకానికి వచ్చే కాలం అదే. ఈసారి విదేశాల్లో ఉన్న మనవాళ్లు కూడా రాశారు. వాళ్లున్న చోట చట్టం వేరు, ఇక్కడ వేరు. కాబట్టి ఒకరికి ఇచ్చిన జవాబును ఇంకొకరు తమకు అన్వయించుకోవద్దని ముందే మనవి.

మా పాపకి తొమ్మిదేళ్లు. పుట్టినరోజుకి రామచిలుక కావాలని ఒకటే పట్టు. తెలిసిన షాపతను నీలం రంగు పిల్ల ఉందని, అది 'ఫారిన్ రింగ్‌నెక్' కాబట్టి ఏ కేసూ ఉండదని అంటున్నాడు. నమ్మొచ్చా? మగదాన్ని తీసుకోవాలా, ఆడదాన్నా?
— ఒక తల్లి, హనుమకొండ

కొనకండమ్మా. మగదా, ఆడదా అన్న ప్రశ్న దాకా వెళ్లనే వద్దు.

రింగ్‌నెక్ అంటే మరేదో కాదు, మన రామచిలుకే. మగదానికి మెడ చుట్టూ నలుపు, గులాబీ రంగుల గీత ఉంటుంది కాబట్టి ఆ పేరు. నీలం, పసుపు, తెలుపు రంగుల పక్షులు కూడా ఈ జాతివే. పంజరాల్లో ఎంపిక చేసి జతకట్టించగా ఆ రంగులు నిలిచాయి. రంగు మారితే జాతి మారదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రామచిలుకను పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. మొన్నటిదాకా ఆ చట్టంలోని నాలుగో షెడ్యూల్‌ అనే జాబితాలో ఉండేది. 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక రెండో షెడ్యూల్‌లో చేరింది. మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడొచ్చు. కేసు వస్తే షాపతను మీ తరఫున వచ్చి నిలబడడు.

చట్టం సంగతి అలా ఉంచండి. నా బాధ వేరు. మన దగ్గర చిలుకలు ఎక్కువగా జనవరి నుంచి ఏప్రిల్ దాకా గుడ్లు పెట్టి పిల్లల్ని చేస్తాయి. తాటిచెట్టు తొర్రలో, పాత గోడ కంతలో మూడో నాలుగో పిల్లలు ఉంటాయి. వాటిని ఈకలు కూడా సరిగా రాకముందే లాగేస్తారు. అట్టపెట్టెలో ఒకదాని మీద ఒకటి పడేసి బస్సు డిక్కీలో పంపుతారు. నా దగ్గరికి వచ్చేసరికి ముక్కు చుట్టూ అన్నం మెతుకులు ఎండి అతుక్కుపోయి ఉంటాయి, మెడ కింద తిండి నిలిచే సంచి పులిసి ఉబ్బి ఉంటుంది. ఆ స్థితిలో వచ్చిన వాటిలో చాలావాటిని నిలబెట్టలేం. 'ఇంట్లో పొదిగించినవే' అని ఎవరు చెప్పినా అడవి పిల్లకీ దానికీ తేడా మీరు కనిపెట్టలేరు.

పాప కోరిక మాత్రం మంచిది. దాన్ని చంపొద్దు. ఒక జత బడ్జీలు తెచ్చి ఇవ్వండి. మన షాపుల్లో 'లవ్ బర్డ్స్' అని అమ్మేవి చాలావరకు ఇవే. ఆస్ట్రేలియా జాతి, పంజరాల్లోనే తరతరాలుగా పెరుగుతున్నాయి. విదేశీ జాతుల నమోదు కోసం 2024లో కొత్త నియమాలు వచ్చాయి. అవి వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం జాబితాల్లో ఉన్న జాతులకు వర్తిస్తాయి. బడ్జీ, తల మీద కుచ్చుండే కాకటీల్ ఆ జాబితాల్లో లేవు కాబట్టి మీకు ఆ టెన్షన్ లేదు. ఒక్కదాన్ని తేవద్దు, జతగానే తెండి. పంజరం ఎత్తుకన్నా పొడవు ఎక్కువ ఉండాలి, అవి అడ్డంగా ఎగురుతాయి కాబట్టి.

ఇక రామచిలుకలంటారా, మీ ఊళ్లో వాటికి కొదవ లేదు. సంక్రాంతికి పిచ్చుకల కోసం వరికుచ్చులు కట్టే అలవాటు మనకుంది కదా. అలాగే డాబా మీద ఒక జొన్న కంకి కట్టి, పక్కన మట్టి మూకుడులో నీళ్లు పెట్టి పాపని ఓపిగ్గా చూడమనండి. కంకిని ఒక కాలితో పట్టుకుని గింజ గింజా వలిచి తినడం పంజరంలో కన్నా అక్కడే బాగా కనిపిస్తుంది.

మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. ఇక్కడ రింగ్‌నెక్‌ను పెంచుకోవడం మామూలే. ఒక బ్రీడర్ దగ్గర ఇంకా చేతితో తినిపించే దశలో ఉన్న ఆరువారాల పిల్ల ఉంది. ఇంకొకరు రెండేళ్ల పక్షిని ఇస్తామంటున్నారు. చిన్నప్పటి నుంచి పెంచితే బాగా మాలిమి అవుతుందని మా వారి ఆలోచన. పిల్లలు ఏడేళ్లు, పదకొండేళ్లవాళ్లు. ఏది తీసుకోమంటారు?
— ఒక పాఠకురాలు, ఫ్రిస్కో

ముందు మీరు నన్ను అడగని ప్రశ్నే నేను అడుగుతాను. మరో అయిదారేళ్లలో ఇండియాకి వచ్చేయాలని ఇంట్లో అనుకుంటున్నారా? ఆ మాట ఉంటే ఈ పక్షి వద్దు. మంచి తిండి, మంచి చోటు దొరికితే రింగ్‌నెక్ ఇరవై, ముప్ఫై ఏళ్లు బతుకుతుంది. ఇక్కడికి తెచ్చి ఇంట్లో పెట్టుకోవడానికి ఇక్కడి చట్టం ఒప్పుకోదు. అక్కడే ఉండిపోతారనుకున్నా, ఉద్యోగం మారి ఇంకో రాష్ట్రానికి వెళ్లాల్సి వస్తే అక్కడి నియమాలు చూసుకోవాలి. వేసవి సెలవులకు నెలా నెలన్నర ఇండియాకి వస్తారు కదా, అప్పుడు దాన్ని ఎవరు చూస్తారో ఇప్పుడే తేల్చుకోండి. చిలుకలకు మనిషి మారితే తిండి మానేసే గుణం ఉంది. వచ్చి నీళ్లు పోసి వెళ్లేవాళ్లుంటే సరిపోదు.

ఇవన్నీ దాటారనుకుందాం. అప్పుడు ఆరువారాల పిల్ల వద్దు. చేత్తో తినిపిస్తే మనిషికి అతుక్కుపోతుందన్న నమ్మకం చాలామందికి ఉంది. మాలిమి అయ్యేది తినిపించినందుకు కాదు, రోజూ మర్యాదగా దగ్గరికి వెళ్లినందుకు. చేతితో తినిపించే ఆహారం కాస్త వేడెక్కువైతే లోపలి సంచి కాలుతుంది, చల్లబడితే లోపలే పులుస్తుంది. తొందరపడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అలవాటు లేనివాళ్ల చేతిలో పిల్ల పోయేది ఎక్కువగా అందువల్లే. సొంతంగా తినడం నేర్వని పిల్లను అమ్మజూపే బ్రీడర్ దగ్గర అసలు ఏ పక్షీ కొనొద్దని నా సలహా.

రెండేళ్ల పక్షిని వెళ్లి చూడండి. ఒకటికి రెండుసార్లు, వేరువేరు వేళల్లో చూడండి. పంజరం దగ్గరికి వెళ్లగానే మిమ్మల్ని గమనించి ఒళ్లు సన్నగా చేసుకుని నిలబడితే భయం లేదు, అది ఆరోగ్యమైన జాగ్రత్తే. ఈకలు ఉబ్బించుకుని కళ్లు అరమోడ్చి కూర్చుంటేనో, ఊపిరి తీసినప్పుడల్లా తోక పైకీ కిందికీ ఊగుతుంటేనో అనుమానించాలి. ముక్కు రంధ్రాలు పొడిగా, తోక కింద ఈకలు శుభ్రంగా ఉండాలి. వాళ్లని చేత్తో పట్టుకోమని చెప్పి రొమ్ము ఎముకను వేలితో తాకి చూడండి. రెండు పక్కలా కండ నిండుగా ఉండాలి. ఎముక అంచు పదునుగా తగిలితే చాలాకాలంగా ఒంట్లో బాగాలేనట్టు. పంజరం అడుగు కాగితం మీద రెట్ట చూడండి. ఆకుపచ్చ భాగం, తెల్ల భాగం, కాస్త నీరు వేరువేరుగా కనపడాలి.

కాలికి అతుకులేని కడియం ఉందేమో చూడండి. అది పిల్ల పుట్టిన కొన్ని రోజుల్లోనే పాదం చిన్నగా ఉండగా తొడిగేది, పెద్దయ్యాక ఎక్కించడం కుదరదు. అంటే పంజరంలోనే పుట్టిందనడానికి అది సాక్ష్యం. మెడ మీద గీత లేదని ఆడదని అనుకోవద్దు. మగవాటికి ఆ గీత ఏడాదిన్నర నుంచి మూడేళ్ల మధ్య ఎప్పుడైనా రావచ్చు. రూఢిగా కావాలంటే ఈకతో డీఎన్‌ఏ పరీక్ష చేస్తారు. ఆడ చిలుకలు కాస్త పెత్తనం చేస్తాయి, మగవి ఈడుకొచ్చాక కాలానుగుణంగా హడావిడి చేస్తాయి. నాకైతే ఏదైనా ఒకటే.

పంజరం కనీసం రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు ఉండాలి. చువ్వల మధ్య సందు అర అంగుళం చుట్టూ ఉండాలి. గుండ్రటి పంజరాలు వద్దు, తలదాచుకోవడానికి వాటికో మూల కావాలి. పంజరంతో వచ్చే నున్నటి ప్లాస్టిక్ కడ్డీలు తీసేసి, మందు కొట్టని చెట్టు కొమ్మలు రకరకాల లావుల్లో కట్టండి. ఒకే లావు కడ్డీ మీద ఏళ్ల తరబడి నిలబడితే అరికాళ్లు పుండ్లు పడతాయి. పంజరాన్ని ఒక పక్క గోడకి ఆనించి, ఇంటిల్లిపాదీ తిరిగే గదిలో పెట్టండి. వంటింట్లో మాత్రం వద్దు, కారణం కింద ఇంకో ఉత్తరంలో రాశాను. రాత్రిపూట పది, పన్నెండు గంటల పాటు చీకటి, నిశ్శబ్దం కావాలి. మీ ఇంట్లో రాత్రి పదకొండు దాకా టీవీ నడిస్తే పడుకోవడానికి వేరే గదిలో చిన్న పంజరం ఉంచండి.

చివరిగా పిల్లల మాట. రింగ్‌నెక్ ఒళ్లో పడుకునే రకం కాదు. మాట్లాడుతుంది, భుజమెక్కుతుంది, కానీ ఒళ్లు నిమిరించుకోవడం చాలావాటికి ఇష్టముండదు. మీ ఏడేళ్లవాడు హత్తుకునే జీవి కోసం చూస్తుంటే ఇది కాదు. ఆ సంగతి కొనకముందే వాడికి చెప్పండి.

చిలుకకి వస పెడితే మాటలు త్వరగా వస్తాయంటారు నిజమేనా? మగ చిలుకే మాట్లాడుతుందా?
— మెల్‌బోర్న్ పాఠకుడు

రెండూ కావు. వస పెట్టొద్దు, నాలుక గీకొద్దు. పక్షి గొంతు మన గొంతులా పనిచేయదు. శ్వాసనాళం కింద చీలే చోట ఉండే అవయవంతో అది శబ్దం చేస్తుంది. ఆడవీ మగవీ రెండూ మాట్లాడతాయి, ఏడాది లోపు మొదలుపెట్టేవి చాలా ఉంటాయి. రోజూ అదే సందర్భంలో అదే మాట అనండి. అన్నం పెట్టేటప్పుడు 'తిందామా' అని, లైటు తీసేటప్పుడు 'బజ్జో' అని. మీ ఇంట్లో తెలుగు వినపడితే తెలుగే మాట్లాడుతుంది.

మా రింగ్‌నెక్‌కి ఆరు నెలలు. మొన్నటిదాకా చేతిమీదికి వచ్చేది. నెల రోజులుగా చెయ్యి పెడితే చాలు బుస్సుమని కరుస్తోంది. మా ఆవిడ భయపడి ఇచ్చేద్దామంటోంది. మేం ఏం తప్పు చేశాం?
— ఇంకో మెల్‌బోర్న్ పాఠకుడు

మీరేం తప్పు చేయలేదు. దయచేసి ఇచ్చేయొద్దు. నాలుగో నెల నుంచి ఏడాది వచ్చేదాకా చాలా రింగ్‌నెక్‌లు ఇలాగే ఉంటాయి. పెంపకందారులు దీన్ని 'బ్లఫింగ్' అంటారు. బెదిరిస్తే ఎదుటివాళ్లు వెనక్కి తగ్గుతారా అని అది చూస్తుంది. కొన్ని వారాల నుంచి కొన్ని నెలల దాకా సాగి తగ్గుతుంది. ఈ దశలోనే ఎక్కువ పక్షులు చేతులు మారతాయి. కొత్త ఇంట్లో అదే పని మళ్లీ మొదలెడతాయి.

కరిచే ముందు అది చెప్పే కరుస్తుంది. కంటిని చూడండి. నల్లటి పాప చుక్కంత అయిపోయి, వెంటనే పెద్దదై, మళ్లీ చిన్నదవుతుంది. ఈకలు మెడ దగ్గర లేస్తాయి. ఒళ్లు ముందుకు సాగుతుంది. అక్కడే చెయ్యి ఆపండి. గబుక్కున వెనక్కి లాక్కోవద్దు, ముందుకూ జరపొద్దు. కొద్ది క్షణాలకి అది సర్దుకున్నాక నెమ్మదిగా తీయండి. కొట్టడం, ముక్కు మీద తట్టడం, అరవడం అసలు వద్దు. అరుపు దానికి తమాషాగా ఉంటుంది, దెబ్బ మాత్రం ఏళ్లు గుర్తుంటుంది.

కొన్నాళ్లు చెయ్యి మానేసి ఒక చిన్న కర్ర వాడండి. కర్ర ఎక్కినప్పుడల్లా దానికిష్టమైన ఒక్క గింజ ఇవ్వండి. ఆ గింజ మామూలుగా గిన్నెలో దొరక్కూడదు, ఇలా మాత్రమే దొరకాలి. రోజుకి రెండుసార్లు, అయిదు నిమిషాలు చాలు. అది విసుక్కోకముందే మీరే ఆపేయాలి. మీ ఆవిడను పంజరం పక్కన కూర్చుని పుస్తకం చదువుకోమనండి. ఆమె ఏమీ అడగకుండా దగ్గరుండడమే ఇప్పుడు దానికి కావలసింది. రోజూ ఉదయం వంటింటి త్రాసు మీద తూచి గ్రాముల్లో రాసుకోండి. ఈ జాతి పక్షి నూరు గ్రాములు దాటి నూట నలభై లోపు తూగుతుంది. బరువు తగ్గుతూ కోపం కూడా పెరుగుతుంటే అది వయసు కాదు, జబ్బు. అప్పుడు పక్షుల వైద్యం తెలిసిన డాక్టర్‌కి చూపించండి.

న్యూజెర్సీలో రెండు బెడ్‌రూమ్‌ల అపార్ట్‌మెంట్. వంటిల్లు, హాలు కలిసే ఉంటాయి. మా రింగ్‌నెక్‌కి మన వంటల్లో ఏం పెట్టొచ్చు, ఏం పెట్టకూడదు?
— ఒక గృహిణి, ఎడిసన్

తిండి కంటే ముందు మీ దోశపెనం గురించి చెప్పాలి. నాన్‌స్టిక్ అయితే ఈరోజే తీసేయండి. ఆ పూతలో పీటీఎఫ్‌ఈ, అంటే టెఫ్లాన్ పేరుతో తెలిసిన పదార్థం ఉంటుంది. బాగా వేడెక్కితే రంగూ వాసనా తెలియని పొగ వదులుతుంది. మనకేమీ అనిపించకముందే చిలుక కొమ్మ మీది నుంచి కింద పడిపోతుంది. నిమిషాల్లో అయిపోతుంది, ఆస్పత్రికి తీసుకెళ్లే వ్యవధి కూడా ఉండదు. మనం దోశలు పోసే పద్ధతిలోనే ప్రమాదం ఉంది: పెద్ద మంట మీద ఖాళీ పెనం పెట్టి, పిండి కలుపుకొచ్చేదాకా వదిలేస్తాం. పిండి పడనప్పుడే దాని వేడి ఎక్కడికో పోతుంది. తలుపు మూసి ఉన్న శీతాకాలం ఇంట్లో ఆ గాలి ఎటూ పోదు. ఇనప పెనం తెచ్చుకోండి, దోశ కూడా బాగా వస్తుంది. ఎయిర్ ఫ్రయ్యర్, రూమ్ హీటర్, ఇస్త్రీబల్ల గుడ్డ మీద కూడా ఆ పూత ఉండొచ్చు, కొనేటప్పుడే చూసుకోండి. ఓవెన్‌లో 'సెల్ఫ్ క్లీన్' మీట పక్షి ఇంట్లో ఉండగా నొక్కొద్దు.

పక్షి ఊపిరితిత్తుల్లో గాలి ఒకే దిశలో ప్రవహిస్తుంది, లోపల గాలితిత్తులుంటాయి. ఊపిరి తీసినప్పుడూ వదిలినప్పుడూ కూడా కొత్త గాలి ఊపిరితిత్తుల గుండా పోతూనే ఉంటుంది. ఎగరడానికి ఉపయోగపడే ఆ ఏర్పాటే విషాన్ని కూడా వేగంగా లోపలికి చేరుస్తుంది. అందుకే అగరబత్తి, సాంబ్రాణి, దోమలచుట్ట, ఎండుమిర్చి తాలింపు ఘాటు — ఇవన్నీ మనకి దగ్గు, దానికి ప్రాణగండం. పూజగది తలుపు వేసుకోండి, పక్షి పంజరం దూరపు బెడ్‌రూమ్‌లో ఉంచండి.

ఇక తిండి. సగానికి పైగా మంచి పెల్లెట్లు (చిలుకల కోసం గుళికలుగా తయారుచేసిన దాణా), మిగతా కూరగాయలు, ఆకులు, కొంచెం పండు. మునగాకు, తోటకూర, క్యారెట్, గుమ్మడి, ఉడికించిన చిలగడదుంప ఇవ్వండి, విటమిన్ ఎ వీటిలో దొరుకుతుంది. గింజలు మాత్రమే తిన్న చిలుకల్లో నేను ఎక్కువగా చూసే లోపం అదే. మొలకెత్తిన పెసలు, జామ, దానిమ్మ, మొక్కజొన్న ఇష్టంగా తింటాయి. పచ్చిమిరపకాయ నిరభ్యంతరంగా ఇవ్వండి. కారం మనకి మంట పుట్టించే విధంగా పక్షులకి పుట్టించదు. పొద్దుతిరుగుడు గింజలు బహుమానంగా ఒకటీ రెండూ ఇవ్వొచ్చు. గిన్నె నిండా పోస్తే కాలేయానికి కొవ్వు పడుతుంది.

అవకాడో ప్రాణాంతకం. చాక్లెట్, కాఫీ, టీ, ఉల్లి, వెల్లుల్లి, యాపిల్ గింజలు వద్దు. తాలింపు పెట్టిన కూర, పచ్చడన్నం, జంతికలు, మిక్చర్ కూడా వద్దు, ఉప్పు వాటికి పడదు. మామగారు కప్పులోంచి రెండు చుక్కల టీ పట్టిస్తుంటే మీరే నచ్చజెప్పి ఆపాలి.

మా మామగారు పదకొండేళ్ల క్రితం తెచ్చిన రామచిలుక మా ఇంట్లో ఉంది. ఆయన పోయారు. చిలుకని పన్నెండేళ్లు పంజరంలో పెట్టినందుకే భక్త రామదాసు పన్నెండేళ్లు గోల్కొండ చెరలో ఉన్నాడని, పన్నెండో ఏడు రాకముందే వదిలేయమని అత్తయ్యగారు బాధపడుతున్నారు. దానికి ఎగరడం రాదు. అన్నమే తింటుంది. ఏం చేయమంటారు?
— ఒక కోడలు, రాజమహేంద్రవరం

మీ అత్తయ్యగారి మనసు మంచిది. ఆమె మాట వినండి, కానీ గేటు తీసి వదిలేయొద్దు. పదకొండేళ్లు రెక్క ఆడని పక్షికి రొమ్ము కండరాల్లో బలం ఉండదు. కాకిని చూసి ఎటు పోవాలో తెలియదు, పిల్లిని చూసి భయపడటం తెలియదు. దాన్ని డాబా మీద వదిలితే సాయంత్రానికి బతికి ఉండటం కష్టం.

దగ్గర్లోని అటవీ రేంజ్ ఆఫీసుకి మీరే వెళ్లి అప్పగిస్తామని చెప్పండి. మామగారు తెచ్చిన సంగతి, ఎన్నాళ్లుగా ఉందీ, ఏం తింటోందీ ఉన్నదున్నట్టు కాగితం మీద రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. అధికారులు అడుగుతూ వచ్చేవరకు ఆగకుండా తామే ముందుకు వచ్చినవాళ్ల పరిస్థితి వేరుగా ఉంటుంది. పక్షిని పరీక్ష చేయించి, పెద్ద గదిలో ఎగరడం అలవాటు చేసి, చేతనైతే వదులుతారా, కాకపోతే అక్కడే ఉంచుతారా అని అడగండి. అడిగే హక్కు మీకుంది.

అప్పగించే రోజు దాకా ఈ రెండు పనులు చేయండి. ముక్కు పొడవు పెరిగి వంకర తిరిగిందా, కాలి గోళ్లు చుట్టుకుపోయాయా చూసుకోండి. పెరిగితే మీరు కత్తిరించొద్దు, లోపల రక్తనాళం ఉంటుంది. పశువైద్యుడి చేతే చేయించండి. అన్నం ఒక్కరోజులో మాన్పించొద్దు, తెలియని వస్తువును చిలుక తిండిగా గుర్తించదు, పస్తులుంటుంది. అన్నంలోనే సన్నగా తరిగిన క్యారెట్, మునగాకు కలిపి, వారం వారం అన్నం తగ్గిస్తూ రండి. మీరూ కొరికి తింటూ దాని ముందు కూర్చుంటే త్వరగా నేర్చుకుంటుంది.

ఇంట్లో ఎవరికైనా జ్వరం, పొడి దగ్గు చాలా రోజులు వదలకుండా ఉంటే మీ డాక్టర్‌కి ఇంట్లో చిలుక ఉందని తప్పకుండా చెప్పండి. చిలుకల నుంచి మనుషులకు అంటే ఒక రకం న్యుమోనియా ఉంది. పక్షి సంగతి చెప్పకపోతే దాని గురించి ఎవరికీ ఆలోచన రాదు. తెలిస్తే మందు సులువు.

మొన్న గాలివానకి మా తోటలో తాటిచెట్టు విరిగి రెండు చిలుక పిల్లలు పడ్డాయి. ఒకదానికి ఈకలు లేవు. పాలు పట్టమంటారా?
— ఒక రైతు, ఒంగోలు దగ్గర

పాలు వద్దు, నోట్లో నీళ్లు కూడా పోయొద్దు. పక్షికి పాలు అరగవు, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముందు వెచ్చదనం కావాలి. అట్టపెట్టెలో పాత నూలు గుడ్డ పరిచి, వేడినీళ్లు నింపిన సీసాను గుడ్డలో చుట్టి ఒక పక్కన పెట్టండి. వేడెక్కువైతే పిల్ల జరగడానికి రెండో పక్క ఖాళీగా ఉండాలి.

పక్కనే తొర్ర ఉన్న చెట్టు మిగిలి ఉండి, పెద్ద చిలుకలు అరుస్తూ తిరుగుతుంటే పిల్లల్ని తొర్రలోకి చేర్చి మీరు దూరంగా వెళ్లిపోండి. మనిషి వాసన తగిలితే తల్లి దగ్గరికి రానివ్వదనేది అపోహ. ఈకలు నిండిన పిల్లను కొమ్మ మీద కూర్చోబెట్టినా సరిపోతుంది, పెద్దవి అక్కడికే వచ్చి తినిపిస్తాయి. కుక్కలు, పిల్లులు దగ్గరికి రాకుండా గంటో రెండు గంటలో దూరం నుంచి చూడండి. పెద్దవి రాకపోయినా, తొర్ర దొరక్కపోయినా, రక్తం కనపడినా పిల్లల్ని పెట్టెతో సహా అటవీశాఖకి చేర్చండి. రాత్రయిపోతే పెట్టెను చీకటి గదిలో ఉంచి, సీసాలో నీళ్లు చల్లారినప్పుడల్లా మార్చుతూ ఉండండి.